యుద్ధానికి కళ్ళు దిద్దినవాడు

పందొమ్మిది వందల డెబ్బై ఒకటి డిసెంబరులో యుద్ధం వచ్చేసరికి విశాఖపట్నంలో అన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఓడరేవు ఉంది. నౌకాదళం ఉంది. మల్కాపురం పక్కన నూనె ట్యాంకులు ఉన్నాయి. ఉక్కు ఫ్యాక్టరీ తాలూకు పునాదిరాయి కూడా ఉంది. శత్రువు గురి చూసుకోవడానికి కావలసిన ఏర్పాట్లన్నీ మనవాళ్ళు ముందే చేసి ఉంచారు. లేనిదల్లా ఒక యుద్ధ ఛాయాగ్రాహకుడు. ఈ లోటును మొట్టమొదట కనిపెట్టిన ఘనత 'తూర్పు గర్జన' వారపత్రిక సంపాదకులు శ్రీరామ్మూర్తి గారికి దక్కుతుంది. ఆ పత్రిక వారానికి ఒకరోజు గర్జించేది. మిగతా రోజుల్లో అదే ప్రెస్సులో శుభలేఖలు అచ్చయ్యేవి.

ఎంపిక పద్ధతి ప్రకారమే జరిగింది. యుద్ధమన్నాక శవాలుంటాయి. శవం ముందు చెయ్యి వణకని ఫొటోగ్రాఫరు కావాలి. అలాంటి మనిషి ఊరు మొత్తానికి ఒక్కడే కనిపించాడు. కంచరపాలెం రైలు గేటు దగ్గర 'జయశీల ఫొటో స్టూడియో' యజమాని యేసుదానం. జయశీల ఆయన భార్య. స్టూడియో పెట్టడానికి ఆవిడ గాజులు వెళ్ళిపోయాయి కాబట్టి కనీసం బోర్డు మీద పేరైనా మిగలాలని ఆవిడే పట్టుబట్టి రాయించుకుంది.

ఆ చుట్టుపక్కల క్రైస్తవ కుటుంబాల్లో ఎవరు పోయినా, పాస్టరు గారికి కబురు పట్టుకెళ్ళిన మనిషే దారిలో యేసుదానానికీ చెప్పి వెళ్ళేవాడు. పెట్టె చుట్టూ బంధువులందరూ వరసగా నిలబడి ఫొటో దిగితే తప్ప ఆ చావుకి నిండుతనం రాదు. ఈ విషయంలో యేసుదానానికి ఒక నియమం ఉంది. ముందు ఫొటో, తర్వాత ఏడుపు. "ఏడుపాపండమ్మా, ఒళ్ళు కదిలితే బొమ్మ కదిలిపోద్ది. నాను క్లిక్కుమనిపించినాక మల్లీ ఎత్తుకుందురు గాని" అనేవాడు. అందరూ ఠక్కున ఆపేవారు. క్లిక్కుమన్నాక ఎక్కడ ఆపారో అక్కణ్ణుంచే అందుకునేవారు.

ఆయన అసలు ప్రతిభ అంతటితో ఆగలేదు. ఆ రోజుల్లో చాలామంది బతికుండగా ఒక్క ఫొటో కూడా దిగేవారు కాదు. పోయాక తీసినదే మొదటిదీ చివరిదీ. అందులో కళ్ళు మూసి ఉంటాయి. మూసిన కళ్ళ పటాన్ని ముందుగదిలో ఎలా తగిలించడం? అందుకని యేసుదానం నెగటివ్ మీద సన్న పెన్సిల్‌తో కంటి తెలుపు, ప్రింటు మీద కుంచెతో కంటిపాప దిద్ది, పోయినవాళ్ళ కళ్ళు తెరిపించేవాడు. మెల్లకన్నుతో బతికిన ముసలాయనకి పోయాక తిన్నని చూపు వచ్చింది. పేకాటలో ఇల్లు పోగొట్టిన పెద్దమనిషికి దూరదృష్టి వచ్చింది. ఈ వైభవం చూసి హిందువుల ఇళ్ళనుంచి కూడా కబుర్లు రావడం మొదలైంది. "మా నాన్న బతికున్నప్పుడు ఎప్పుడూ ఇంత ప్రేమగా సూళ్ళేదండి" అని కళ్ళొత్తుకుంటూ పటం పట్టుకెళ్ళేవారు.

ఇన్ని పటాల్లోనూ యేసుదానం పేరు మాత్రం ఎక్కడా లేదు. పోయినవాళ్ళ పేరుంటుంది, పుట్టిన తేదీ ఉంటుంది, కింద బైబిలు వాక్యం ఉంటుంది. దిద్దినవాడి పేరెవరు వేస్తారు? ఒక్కసారి, ఒకే ఒక్కసారి, పత్రికలో తను తీసిన బొమ్మ కింద 'ఫొటో: యేసుదానం' అని అచ్చులో చూసుకోవాలని ఆయనకి ప్రాణం కొట్టుకునేది. శ్రీరామ్మూర్తి గారు ఆ సంగతి ఎరిగిన మనిషి. అందుకే జీతం ప్రస్తావన తేకుండా నియామకం పూర్తిచేశారు.

జయశీల కోడికూర వండే అల్యూమినియం గిన్నెను శిరస్త్రాణంగా మంజూరు చేసింది. దానికి తాడు కట్టుకుని, మెడలో కెమెరా వేసుకుని, యేసుదానం యుద్ధరంగానికి బయలుదేరాడు. బయలుదేరాక నిబంధనలు తెలిశాయి. ఓడల ఫొటో తియ్యకూడదు. ఓడలు కనిపించే సముద్రం తియ్యకూడదు. వంతెనలు, రైళ్ళు, నూనె ట్యాంకులు, వాటి ముందు నిలబడ్డ మనుషులు, అన్నీ నిషిద్ధం. పొద్దుగూకితే దీపాలు ఆర్పెయ్యాలి కాబట్టి ఫ్లాష్ వెలిగిస్తే జైలు. అంటే యుద్ధం జరిగే చోటూ, యుద్ధం జరిగే వేళా తప్పించి యుద్ధాన్ని ఎక్కడైనా ఎప్పుడైనా స్వేచ్ఛగా ఫొటో తీసుకోవచ్చు. ప్రజాస్వామ్యంలో ఇంతకన్నా ఏం కావాలి?

"మరి నన్నేటి తియ్యమంతావ్ బావా?" అని అడిగాడు యేసుదానం.

"ప్రజల మనోధైర్యం తియ్యి" అన్నారు శ్రీరామ్మూర్తి గారు.

"అదెలాగుంటాది? కూకుంటాదా, నిలబడతాదా?"

"అది నువ్వు సూసుకోవాల బావా. దొరికితే మొదటి పేజీ. కింద నీ పేరు."

మనోధైర్యం ఆ వారంలో కంచరపాలెంలో కందకాల రూపంలో వెలసింది. వార్డు పౌర రక్షణ కమిటీ అధ్యక్షులు అర్జునరావు గారు వీధికొకటి చొప్పున గొయ్యి తవ్వించారు. బాంబు పడితే జనం అందులో దూకాలి. ప్రారంభోత్సవంలో ఆయన గంభీరంగా మాట్లాడారు: "సోదర సోదరీమణులారా! ఇది గొయ్యి కాదు. ఇది మన ఆత్మగౌరవం. ఎంత లోతుగా తవ్వితే మన జాతి అంత ఎత్తుకి ఎదుగుతుంది. శత్రు విమానం పైనుంచి ఈ గోతుల్ని చూసి, మనం ఎంత సిద్ధంగా ఉన్నామో గ్రహించి, సిగ్గుతో వెనక్కి మళ్ళుతుంది!" జనం చప్పట్లు కొట్టారు. మర్నాటికి ఒక ఆత్మగౌరవంలో మేకను కట్టేశారు, ఇంకొకదాంట్లో చెత్త వేశారు, మూడోదాని గట్టు మీద ఎండుచేపలు ఆరబెట్టారు.

ఈలోగా మల్కాపురంలో జనం మూటలు సర్దుకుని ఆనందపురం వైపు బళ్ళెక్కుతున్నారు. ఎక్కేముందు చాలామంది జయశీల స్టూడియోకి వచ్చారు. బాంబు పడి పోతే మళ్ళీ కళ్ళు దిద్దించుకునే శ్రమ ఎందుకు, ఇప్పుడే తెరిచి ఉన్నాయి కదా అని వాళ్ళ ఆలోచన. కుటుంబాలకు కుటుంబాలు వరసలో నిలబడి, రెప్ప వేస్తే ఏమవుతుందోనని గుడ్లప్పగించి ఫొటోలు దిగాయి. యుద్ధం వల్ల ఇంత లాభపడిన సంస్థ ఆ వీధిలో ఇంకొకటి లేదు. అయినా యేసుదానం మొహంలో కళ లేదు. అవి స్టూడియో ఫొటోలు. వాటి కింద పేరెవరు వేస్తారు?

ఒక రోజు పొద్దున్నే గిన్నె నెత్తిన పెట్టుకుని బయలుదేరినవాడికి రాములవారి గుడి వీధి గోతిలో యుద్ధం కనిపించింది.

గోతిలో వీర్రాజు వెల్లకిలా పడి ఉన్నాడు. వార్డు కమిటీ వేసిన రాత్రి కాపలావాళ్ళలో అతనొకడు. విమానం చప్పుడు వినిపిస్తే విజిల్ ఊదడం అతని పని. మనిషి కదలడం లేదు. మొహం మీద మంచు పడి ఉంది. చెయ్యి పట్టుకు చూస్తే చల్లగా ఉంది. డిసెంబరు తెల్లవారుజామున కల్లు తాగి బయట పడుకున్న ఎవరి చెయ్యైనా చల్లగానే ఉంటుంది కానీ, చావు ఫొటోల్లో ఆరితేరినవాడికి అలాంటి అనుమానాలు రావు. యేసుదానం గిన్నె తీసి, రెండు నిమిషాలు ప్రార్థన చేశాడు. అలవాటు ప్రకారం వీర్రాజు చొక్కా గుండీలు పెట్టాడు, తల దువ్వాడు, దవడ కిందికి జారకుండా తువ్వాలు కట్టాడు, విజిల్‌ను గుండెల మీద చక్కగా అమర్చాడు. ముందు ఫొటో, తర్వాత ఏడుపు. ఫొటో తీసుకుని, ఏడవాల్సినవాళ్ళకి కబురు చెప్పేలోగా పటం సిద్ధం చెయ్యాలని స్టూడియోకి పరుగెత్తాడు.

వీర్రాజుది పేదకుటుంబం. యేసుదానం డబ్బు అడగదలుచుకోలేదు. ఊరికే చేస్తున్నా సరే, ఎన్నడూ పడనంత శ్రద్ధ పడి ఆ కళ్ళు దిద్దాడు. అలాంటి కళ్ళు అంతకుముందు ఎవరికీ పెట్టలేదు. ఆ చూపు ఆకాశాన్ని చీల్చుకుపోతోంది. తడి ఆరకముందే శ్రీరామ్మూర్తి గారు వచ్చి ఆ బొమ్మ చూశారు. ఒక మనిషి కందకంలో వెల్లకిలా పడుకుని, గుండెల మీద విజిల్ పెట్టుకుని, దెబ్బ తగిలినట్టు తలకి కట్టుతో, రెప్ప వెయ్యకుండా ఆకాశంలోకి చూస్తున్నాడు.

"ఇదీ మనోధైర్యమంటే!" అని అరిచి, యేసుదానం నోరు విప్పేలోగా బొమ్మ లాక్కుని వెళ్ళిపోయారు. శుభలేఖల పని ఆపించి సాయంత్రానికి ప్రత్యేక సంచిక తెచ్చారు. 'నిద్ర ఎరుగని నేత్రం' అని శీర్షిక. 'కంచరపాలెం మేలుకొని ఉన్నంతకాలం భారతమాత నిశ్చింతగా నిద్రించవచ్చు' అని వ్యాఖ్య. బొమ్మ కింద అచ్చులో పేరు కూడా పడింది: 'ఫొటో సౌజన్యం: శ్రీ అర్జునరావు'. గొయ్యి ఆయన తవ్వించినదే కదా.

ఇవేవీ తెలియని యేసుదానం ఇంకో ప్రింటుకి కళ్ళు దిద్ది, పటం కట్టించుకుని, గుడ్డలో చుట్టుకుని, ఓదార్పు మాటలు నెమరేసుకుంటూ వీర్రాజు ఇంటి తలుపు తట్టాడు. అప్పుడే నిద్రలేచి, వేపపుల్ల నములుతూ వీర్రాజే తలుపు తీశాడు.

"ఏటి బావా, ఇలాగొచ్చావ్?"

"నువ్వు... నువ్వు సచ్చిపోనావు కదా?"

"ఎప్పుడు?" అన్నాడు వీర్రాజు. "నాకెవులూ సెప్పలేదే!"

పటం చేతులు మారింది. వీర్రాజు చూసుకుని మురిసిపోయి పెళ్ళాన్ని పిలిచాడు. ఆవిడ పటాన్నీ మొగుణ్ణీ మార్చిమార్చి చూసి, "ఈయన్ని ఇక్కడుంచీసి నువ్వెల్లిపో" అని మొగుడితో అంది.

ఆ తర్వాత పరిణామాలన్నీ ఎంతో క్రమశిక్షణతో జరిగాయి. ఇంత మేలుకొని ఉండే మనిషి ఒకడు ఉండగా మిగతా కాపలావాళ్ళు దండగని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించి వాళ్ళని ఇళ్ళకి పంపేసింది. వీధి వీధికీ ఆ ఫొటో అంటించారు. అప్పటిదాకా భయంతో కునుకు పట్టని జనం, వీర్రాజు చూసుకుంటాడులే అని హాయిగా పడుకున్నారు. వీర్రాజు కూడా ఆ ఫొటో చూసి ఎంతో ధైర్యం తెచ్చుకుని, అదే గోతిలో అందరికన్నా ముందు పడుకునేవాడు. యేసుదానం ఒకసారి శ్రీరామ్మూర్తి గారి చెవిలో "ఆ కళ్ళు నాను దిద్దినవి బావా" అని చెప్పబోయాడు. "శత్రువు చెవిన పడితే?" అని ఆయన నోరు మూయించారు. దేశరక్షణ వ్యవహారం కాబట్టి యేసుదానం ఊరుకున్నాడు.

దేముడమ్మ ఎండుచేపలు అమ్ముకునే ముసలమ్మ. కోడికూతతో లేచి రేవుకి వెళ్ళడం ఆమెకి యాభై ఏళ్ళ అలవాటు. దీపాలన్నీ ఆర్పేసిన వీధిలో, గంప నెత్తిన పెట్టుకుని, తనకి బాగా తెలిసిన దారిలో నడిచింది. దారి ఆమెకి తెలుసు గానీ గొయ్యి కొత్తది. కాలు విరిగింది. తెల్లారేదాకా అరిచింది. ఇళ్ళలో విన్నవాళ్ళు విన్నారు. వీర్రాజు ఉన్నాడుగా అనుకుని దుప్పటి సరిచేసుకుని అటు తిరిగి పడుకున్నారు. వీర్రాజు అదే గోతికి రెండో చివర ఉన్నాడు. ఆమె అరుపుకి ఒకసారి మెలకువ వచ్చి, "అమ్మా, అల్లరి సెయ్యకు, శత్రువింటాడు" అని చెప్పి మళ్ళీ విధి నిర్వహణలో మునిగిపోయాడు.

తెల్లవారాక వచ్చిన యేసుదానం ఆమెని చూసి కెమెరా పక్కన పడేసి గోతిలోకి దిగబోయాడు.

"ఆగు నాయనా" అంది దేముడమ్మ. నొప్పికి పెదవులు కొరుక్కుని రక్తం వస్తోంది. "ముందు పొటో తీసీ. నన్ను పైకి లేపీసినాక గోతిలో పడ్డానంతే ఎవుడు నమ్ముతాడు? పేపర్లో ఎయ్యించి ఈ గొయ్యి పూడిపించు. ఇంకొకర్తి పడకుండా."

యేసుదానం తీశాడు. జీవితంలో మొదటిసారి గుండీలు సర్దలేదు, తల దువ్వలేదు. చెయ్యి వణికింది. బొమ్మ మాత్రం కదల్లేదు. విరిగిన కాలు, చెల్లాచెదరైన చేపలు, వాటి మధ్యనుంచి తిన్నగా చూస్తున్న రెండు కళ్ళు. ఆ కళ్ళకి పెన్సిల్ అవసరం లేదు. ఆ వార్డులో యుద్ధానికి గాయపడిన మనిషి ఆమె ఒక్కతే. ఇంతకన్నా నిజమైన యుద్ధం ఫొటో తను ఇంకెప్పుడూ తియ్యలేనని యేసుదానానికి తెలుసు.

శ్రీరామ్మూర్తి గారు బొమ్మను చాలాసేపు చూశారు. ఆయనా మనిషే, ముందు నిట్టూర్చారు. తర్వాత సంపాదకులయ్యారు.

"బాగుంది బావా. ఏత్తాను. మొదటి పేజీ. కింద నీ పేరు, నీ ఒక్కడి పేరే, పెద్దక్షరాల్లో. ఒక్క సిన్న సాయం సెయ్యాల."

"ఏటది?"

"ఆ కళ్ళు ముయ్యి. ఇన్ని కళ్ళు తెరిపించినోడివి, రెండు కళ్ళు ముయ్యలేవా? 'రక్షణ కందకంలో నిశ్చింతగా నిదరోతున్న వృద్ధమాత' అని ఏత్తాను. జనానికి ధైర్యం, కమిటీకి గౌరవం, నీకు పేరు."

కళ్ళు మూయడం తేలికైన పని. రెండు పూతలు చాలు. యేసుదానం స్టూడియో కిటికీ దగ్గర కూచుని కుంచె తడిపాడు. పెద్దక్షరాల్లో తన పేరు కళ్ళముందు ఆడుతోంది. కుంచె ఆరిపోయింది. మళ్ళీ తడిపాడు. దేముడమ్మ కాగితం మీదనుంచి ఆయన్నే చూస్తోంది. ఆయనకి సిగ్గేసింది, ఏడుపొచ్చింది. జయశీల వచ్చి భుజం మీదుగా చూసి, "బతికున్నోలి కళ్ళు మూసేది దేవుడొక్కడే" అని, కుంచె కడిగి లోపల పెట్టేసింది.

ఆ వారం మొదటి పేజీలో ఫొటో బదులు అర్జునరావు గారి సందేశం పడింది. రోజుల్లోనే యుద్ధం ముగిసింది. మనం గెలిచాం. జనం ఆనందపురం నుంచి తిరిగొచ్చి, తమ కళ్ళు తెరిచిన ఫొటోలు తామే చూసుకున్నారు. దేముడమ్మ కాలు వంకరగా అతుక్కుంది. కర్ర పొడుచుకుంటూ ఎండుచేపల గంపతో స్టూడియో ముందునుంచి వెళ్ళినప్పుడల్లా ఆగి అడిగేది: "ఏసారేటి నాయనా?"

"వచ్చే వారం ఏత్తారంట అమ్మా" అనేవాడు యేసుదానం.

ఆ వచ్చే వారం కోసం ఆమె చాలా ఏళ్ళు ఓపిక పట్టింది. తర్వాత పోయింది.

ఎనభయ్యో దశకం సగానికి వచ్చేసరికి ఊరు బాగా అభివృద్ధి చెందింది. ఉక్కు ఫ్యాక్టరీ పునాదిరాయి చుట్టూ గోడలు లేచాయి. అర్జునరావు గారు వార్డు దాటి రాష్ట్రస్థాయి నాయకులయ్యారు. 'తూర్పు గర్జన' దినపత్రికై రోజూ గర్జిస్తోంది. రాములవారి గుడి వీధి గొయ్యి మాత్రం నిరాడంబరంగా అలాగే ఉండిపోయింది. ఆ వీధి చివర కొత్త కళ్యాణమండపంలో యుద్ధ విజయ ఛాయాచిత్ర ప్రదర్శన పెట్టి, యుద్ధ ఛాయాగ్రాహకుడికి సన్మానం చెయ్యాలని నిర్ణయించారు. తల నెరిసిన యేసుదానం ఒక్కటే షరతు పెట్టాడు. దేముడమ్మ ఫొటో గోడ మీద ఉండాలి. నిర్వాహకులు సంతోషంగా ఒప్పుకున్నారు. పోయినవాళ్ళతో ఎవరికీ పేచీ ఉండదు.

ప్రదర్శన రోజున ద్వారం దగ్గర 'నిద్ర ఎరుగని నేత్రం' నిలువెత్తున పెట్టారు. దాని నీడలో స్టూలు మీద కాపలాదారు వీర్రాజు గురక పెడుతున్నాడు. లోపల దేముడమ్మ ఫొటో నిజంగానే ఉంది. పోయిన మనిషి పటం కాబట్టి సంప్రదాయం ప్రకారం బంతిపూల దండ వేశారు. చాలా పెద్ద దండ. సరిగ్గా కళ్ళ మీదుగా వేశారు. వచ్చినవాళ్ళందరూ చేతులు జోడించి భక్తిగా ముందుకు సాగిపోతున్నారు. యేసుదానం దండ కిందికి జరిపాడు. వాలంటీరొకరు వచ్చి వినయంగా మళ్ళీ పైకి జరిపాడు. ఇది సన్మానం మొదలయ్యేదాకా సాగింది.

అర్జునరావు గారు శాలువా కప్పి ప్రసంగించారు: "ఆనాడు మనం తవ్విన గోతులే ఈనాటి మన అభివృద్ధికి పునాదులు!" చప్పట్ల మధ్య బయటికి వచ్చారు. పొద్దుగూకుతోంది. ఆయన జనానికి చెయ్యూపుతూ, నాయకులు నడిచే పద్ధతిలో కిందికి చూడకుండా నడిచారు. చెయ్యి ఊగుతుండగానే మనిషి మాయమయ్యాడు.

అనుచరులు హాహాకారాలు చేస్తూ పరుగెత్తారు. అందరికన్నా ముందు గట్టు మీదికి చేరినవాడు యేసుదానం. శాలువా ఇంకా భుజం మీదే ఉంది. కెమెరా కంటికి ఆనించాడు.

"ఒరేయ్, చెయ్యందించరా!" అన్నారు రాష్ట్రస్థాయి నాయకులు, మోకాలి లోతు బురదలోంచి గుడ్లు తేలేసి.

"ఒక్క సనం కదలకండి బాబూ" అన్నాడు యేసుదానం. "ముందు పొటో, తర్వాత ఏడుపు. పైకి లేపీసినాక గోతిలో పడ్డారంతే ఎవుడు నమ్ముతాడు?"

క్లిక్కుమంది. ఫ్లాష్ వెలిగింది. ఎన్నో ఏళ్ళ తర్వాత యేసుదానానికి గుండె తేలికైంది. ఇంక ఈ గొయ్యి పూడకుండా ఎలా ఉంటుంది?

యేసుదానం పంపిన బొమ్మ చూసి శ్రీరామ్మూర్తి గారు ఆ రాత్రే ఫోను చేశారు. "బొమ్మ అద్భుతం బావా. కళ్ళల్లో బయం కనిపిస్తంది. కాసింత దయ దిద్దగలవా?"

"నానేటీ దిద్దను" అన్నాడు యేసుదానం విసుగ్గా. "కింద దయ అని రాసీ. పైన ఏటున్నా జనం అదే సూత్తారు."

ఆయన ఒళ్ళు మండి అన్నాడు. శ్రీరామ్మూర్తి గారు దాన్ని వృత్తిపరమైన సలహాగా స్వీకరించారు. మర్నాడు మొదటి పేజీలో బొమ్మ యథాతథంగా పడింది. 'గోతిలోకి స్వయంగా దిగి, పేదల కష్టాలను కరుణార్ద్ర నయనాలతో పరిశీలిస్తున్న నాయకుడు.' కింద పెద్దక్షరాల్లో, 'ఫొటో: యేసుదానం'.

ఆ చూపులోని కరుణకి చలించి ఊరు ఊరంతా కన్నీరు పెట్టుకుంది. ఆ పేపరు మీ ఇంటికీ వచ్చే ఉంటుంది. మీరూ చూసి 'పాపం, ఎంత మంచివాడో' అనే ఉంటారు. నాయకుడు పాదం మోపిన ఆ స్థలాన్ని చారిత్రక ప్రదేశంగా భద్రపరచాలని తీర్మానం జరిగింది. ఇప్పుడక్కడ బోర్డు పెట్టారు. గొయ్యి పూడ్చడం నేరం.

మీరు చూడ్డానికి వెళ్ళేటట్టయితే పగలు వెళ్ళండి. ఆ వీధిలో దీపాలు ఇంకా వెలగడం లేదు. యుద్ధం అయిపోయిందని వాటికి ఎవరూ చెప్పినట్టు లేదు.